పైకప్పు కారితే లోపల వెతకండి



ఇల్లు కారడం అంటే ఏమిటో మన సంఘంలో తెలియనివారు లేరు. తాటాకు ఇంట్లో పుట్టి, పెంకుటింట్లో పెరిగి, ఇప్పుడు డాబా వేసుకున్నవాళ్లం మనం. ముసురు పట్టిన రాత్రి గిన్నెలు, తపేలాలు, చివరికి నీళ్ల చెంబు కూడా వరసగా నేలమీద పెట్టి, పొడిగా ఉన్న మూల చూసుకుని పిల్లలను పడుకోబెట్టిన తల్లులు మన మధ్యనే ఉన్నారు. దానికి మనకు తెలిసిన వైద్యం ఒకటే, పైకెక్కి చూడటం. పెంకు జరిగితే సర్దుతాం. ఆకు కుళ్లితే కొత్త ఆకు కప్పుతాం. స్లాబు నెర్రె విచ్చితే సిమెంటు పూస్తాం. నీళ్లు పైనుంచి వస్తున్నాయి గనుక తప్పు కూడా పైనే ఉందనుకుంటాం.

అయితే వాన చుక్క పడకుండా, కప్పు మీద ఒక్క పెంకు కదలకుండా ఇల్లు కారే దేశాలు ఉన్నాయి ప్రియులారా. అక్కడ కారడానికి మూలం పైన కాదు, లోపల ఉంటుంది. డిసెంబరు వచ్చిందంటే మన బిడ్డలు అమెరికా నుంచి, కెనడా నుంచి ఫొటోలు పంపుతారు. చూరు పొడుగునా మర్రి ఊడల్లాగా ఐసు కడ్డీలు వేలాడుతుంటాయి, ఎండ పడితే గాజులా మెరుస్తుంటాయి. మనం ఇక్కడ ఆ ఫొటో చూసి, ఎంత బాగుందో అని నలుగురికి పంపుకుంటాం. ఆ అందం వెనక ఏముంటుందో నేను 2023 జనవరిలో మా అక్క ఇంట్లో కళ్లారా చూశాను. మన సంఘంలో ఎన్నో కుటుంబాల పిల్లలు అలాంటి ఇళ్లలోనే ఉంటున్నారు గనుక చూసినది చూసినట్టు చెప్పాలనిపించింది.

మా అక్క మిన్నెసోటా రాష్ట్రంలో నర్సు. మినియాపొలిస్ పక్కన చిన్న పట్టణంలో, 1960లలో కట్టిన పాత ఇంట్లో ఉంటారు. ఆ ఏడాది అమ్మను చలికాలానికి తన దగ్గర ఉంచుకుంది. ఆమెను చూడటానికి నేను వెళ్లాను. ఆ శీతాకాలం మొత్తానికి మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో 90 అంగుళాలకు పైగా మంచు పడిందంటే ఎలాంటి కాలంలో వెళ్లానో మీరే ఊహించండి. జనవరి మొదటి వారంలోనే పెద్ద మంచు కురిసింది. తెల్లారి చూస్తే ఇళ్ల కప్పులన్నీ ఏకిన దూది పరచినట్టు ఉన్నాయి.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఒక రాత్రి అమ్మ గదిలో టప్, టప్ అని చప్పుడు మొదలైంది. అక్క నైట్ డ్యూటీలో ఉంది. బయట సున్నాకు 15 డిగ్రీలు తక్కువ. ఆ చలిలో నీళ్లు నీళ్లుగా ఎలా ఉంటాయి? అమ్మ మాత్రం లేచి కూర్చుని, "వానేమో చూడరా" అంది. లైటు వేసి చూస్తే సీలింగు మీద తడి మరక పళ్లెమంత పెరిగింది. ఒకచోట ఉబ్బి పొట్టలా కిందికి దిగింది. మా బావ స్క్రూడ్రైవరు తెచ్చి ఆ ఉబ్బుకు చిన్న రంధ్రం పొడిచాడు. నీళ్లన్నీ ధారగా బకెట్టులోకి దిగాయి. అలా చేయకపోతే సీలింగు పలక నాని, బరువుకు ఒక్కసారిగా ఊడి మంచం మీద పడేదని తర్వాత తెలిసింది. అమ్మ మంచాన్ని హాలులోకి మార్చాము.

అది ఎలా జరుగుతుందో కొంచెం నిదానంగా చెబుతాను. అక్కడి ఇళ్లకు సీలింగుకూ కప్పుకూ మధ్య ఖాళీ జాగా ఉంటుంది. అటిక్ అంటారు, మన అటకకు దగ్గరి చుట్టం అనుకోండి. చలికాలమంతా ఇంట్లో హీటరు నడుస్తుంది. వేడిగాలి తేలిక గనుక పైకి పోతుంది. సీలింగులో ఎక్కడ సందు దొరికినా దూరి అటక చేరుతుంది. అటక వెచ్చబడితే కప్పు చెక్కలు వెచ్చబడతాయి. కప్పు మీద ఉన్న మంచు అడుగు పొర కరిగి నీరవుతుంది. పైనున్న మంచు దుప్పటి కప్పినట్టే గనుక ఎంత దట్టంగా ఉంటే అడుగు అంత తొందరగా కరుగుతుంది. ఆ నీరు వాలు వెంట చూరు దాకా జారుతుంది. చూరు మాత్రం గోడ దాటి బయటికి వచ్చి ఉంటుంది కదా, దాని కింద ఇంటి వేడి లేదు. అక్కడికి రాగానే నీరు గడ్డకట్టుకుపోతుంది. వెనక వచ్చే నీరు దాని మీద, ఆ వెనక నీరు మళ్లీ దాని మీద. ఇలా చూరు పొడుగునా ఐసు గట్టు లేస్తుంది. ఐస్ డ్యామ్ అని సరైన పేరే పెట్టారు. మన కాలవకు అడ్డుకట్ట వేస్తే నీరు ఎలా ఎగదన్నుతుందో, ఆ గట్టు వెనక నీరు అలాగే నిలుస్తుంది.

వాళ్ల కప్పు మీద పరిచే షింగిల్స్ మన పెంకుల్లాగే ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉంటాయి. జారిపోయే నీటిని అవి బాగా ఆపుతాయి. నిలిచిపోయిన నీటిని ఆపలేవు. నీరు కింది నుంచి పైకి ఎగదన్ని షింగిల్ అడుగున దూరి, మేకుల సందుల్లోంచి, చెక్కల అతుకుల్లోంచి దిగి, గోడల్లోకి, సీలింగు మీదికి వస్తుంది. అందుకే కప్పు కొత్తదైనా, ఒక్క చిల్లు లేకపోయినా ఇల్లు కారుతుంది. పైన మంచు ఉండాలి, కప్పు పైభాగం సున్నా డిగ్రీలకు ఎక్కువ వెచ్చగా ఉండాలి, చూరు సున్నాకు తక్కువ చల్లగా ఉండాలి. ఈ మూడూ కలిసినచోట ఐస్ డ్యామ్ తప్పదు. 2014-15 శీతాకాలంలో బోస్టన్ నగరంలో 110 అంగుళాలకు పైగా మంచు పడి రికార్డు అయినప్పుడు అక్కడ ఎన్నో ఇళ్లు ఇలాగే కారాయి.

తెల్లవారాక బయటికి వెళ్లి చూస్తే అమ్మ గది మీద చూరంతా ఐసే. ఒక ఘనపు అడుగు ఐసు దాదాపు 26 కిలోలు ఉంటుంది, సిమెంటు బస్తాలో సగం కంటే ఎక్కువ. అలాంటివి వరసగా ఎన్ని ఉన్నాయో. స్టీముతో ఐసు కరిగించే పనివాళ్లకు ఫోను చేస్తే ఊరంతా ఇదే గొడవ, నాలుగు రోజులు ఆగాలన్నారు. గంటకు వందల డాలర్లలో కూలి. మా బావ ఆ మాట విని గరాజులోంచి నిచ్చెన, సుత్తి తెచ్చి గోడకు వేశాడు. "ఆగండి బావా" అంటే, "చిన్నప్పుడు తాటిచెట్లు ఎక్కినవాణ్ణి, ఇది ఎంత ఎత్తు?" అన్నాడు. తాటిచెట్టుకు ఐసు ఉండదు అన్నాను. ఆయన వినే స్థితిలో లేడు. అత్తగారి గది కారిందన్న నామోషీ ఆయనది. తన కప్పు కింద ఉన్న పెద్దావిడ తడిసిందన్న బాధ ఆయనది. ఆ బాధలోని మంచితనం నాకు అర్థమైంది. మంచి మనసుతో ఎక్కినా జారే నిచ్చెన జారకుండా ఉండదు కదా.

అప్పుడు అమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. భుజాన శాలువా తప్ప ఏమీ లేదు. మెట్ల మీద నిలబడి, "బాబూ, మీరు దిగేదాకా నేనూ ఇక్కడే నిలబడతాను" అంది. మెత్తగానే అంది. బావ రెండు మెట్లెక్కినవాడు ఆగిపోయాడు. అమ్మ ఇంకొక మాట కూడా అంది. "ఇల్లు పోతే మళ్లీ వేసుకున్నాం బాబూ. మనిషి పోయిన ఇంటికి ఎవరు కప్పు వేయగలిగారు?"

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో మన సంఘంలో పెద్దలకు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మా అమ్మావాళ్లది దివిసీమలో తాటాకు ఇల్లు. అక్కకు అప్పుడు మూడేళ్లు. నాన్న అక్కను భుజాన వేసుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని ఒక మేడ మీదికి చేరేలోపే కప్పు ఎగిరిపోయింది. నేను ఆ తర్వాత పుట్టాను. ఆ రాత్రి గురించి అమ్మ ఎప్పుడూ ఎక్కువ చెప్పదు. కప్పుకంటే కప్పు కింది మనిషి ముందు అన్నది మాత్రం ఆమె చదువుకోకుండా నేర్చుకున్న పాఠం. బావ నిచ్చెన దించాడు. సుత్తి, గొడ్డలి పెట్టి ఐసు కొడితే షింగిల్స్ కూడా పగిలిపోతాయనీ, అప్పుడు నిజంగానే కప్పుకు చిల్లు పడుతుందనీ స్టీము పనివాడు వచ్చాక చెప్పాడు.

ఆ నాలుగు రోజులూ చేయగలిగినవి చేశాము. పొడుగు కర్ర చివర అడ్డపలక ఉండే రూఫ్ రేక్ అనే పనిముట్టు ఉంది, మన కళ్లంలో ధాన్యం లాగే గొర్రు గుర్తొచ్చింది. నేలమీద నిలబడే, చూరు నుంచి మూడు నాలుగు అడుగుల మేర మంచును కిందికి లాగాము. కొత్తగా కరిగే మంచే లేకపోతే గట్టు పెరగదు. అక్క డ్యూటీకి వేసుకునే పాత మేజోళ్లలో కాల్షియం క్లోరైడ్ గుళికలు నింపి, మూతి కట్టి, ఐసు గట్టు మీద అడ్డంగా కాకుండా నిలువుగా, చివర చూరు దాటి వేలాడేలా కర్రతో పెట్టాము. అది ఐసును కరిగించుకుంటూ దిగి సన్నని కాలువ తీస్తుంది, వెనక నిలిచిన నీరు ఆ దారిన పోతుంది. వంట ఉప్పులాంటి రాతి ఉప్పు వేయకూడదు. గట్టి చలిలో అది సరిగా పనిచేయదు, రేకులను తినేస్తుంది, కింద మొక్కలను చంపేస్తుంది. అటకలో కారేచోటికి ఎదురుగా ఒక ఫ్యాను పెట్టి చల్లగాలి కొట్టించాము. కప్పు చెక్క చల్లబడి కారడం నిలిచింది. ఇవన్నీ తాత్కాలికమే. జ్వరానికి తడిగుడ్డ వేసినట్టు.

అసలు బాధ ఆ తర్వాత వచ్చింది. వేడి పైకి పోవడం వల్లే ఇదంతా అని బావ అక్కకు వివరిస్తుంటే అమ్మ వింది. అమ్మ చలికి తట్టుకోలేదని ఆ ఇంట్లో హీటరు 74 ఫారన్‌హీట్‌లో, అంటే మన లెక్కలో 23 డిగ్రీల దగ్గర ఉంచేవాళ్లు. మర్నాడు అక్క డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా గడ్డకట్టినట్టుంది. మీట చూస్తే 62లో ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక అమ్మే లేచి తగ్గించింది. మూడు దుప్పట్లు కప్పుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని పడుకుని ఉంది. అడిగితే, "నా కోసం ఎక్కువ పెట్టబట్టే కదమ్మా మీ ఇల్లు పాడైంది. నన్ను ఊరికి పంపించెయ్యి" అంది.

మా బావ మాటకారి కాడు. ఆ రోజు మాత్రం మంచం పక్కన కింద కూర్చుని చెప్పాడు. "అత్తయ్యా, వేడి మీ కోసం పెట్టాం, అటక కోసం కాదు. మీ గదిలో ఉండాల్సిన వేడి దొంగచాటుగా పైకి పోతోంది. దొంగను పట్టుకుంటాం గానీ ఇంట్లో మనిషిని చలిలో పెడతామా?"

ఆ మాట నా మనసులో ముద్ర పడిపోయింది. నేను ఇన్నేళ్లుగా మీ ఇళ్లకు ప్రార్థనకు వస్తున్నాను. కరెంటు బిల్లు వస్తుందని ఎండాకాలంలో ఫ్యాను వేసుకోని అవ్వలను చూశాను. కొడుకుకు అప్పులున్నాయని బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకునే తాతలను చూశాను. ఇంట్లో ఏ నష్టం వచ్చినా ఆ లెక్కలో ముందు తమ పేరే కొట్టేసుకుంటారు పెద్దవాళ్లు. ఎవరూ వాళ్లను ఒక్క మాట అనక్కరలేదు, గోడవతల మాట్లాడుకుంటే చాలు. వాళ్లు తగ్గించుకున్న మీట మనకు కనిపించదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగులుతుంది, అంతే. ఖర్చు అవుతున్నది మనిషి వల్లనా, ఇంట్లోని సందుల వల్లనా అని వెతికి చూసే బాధ్యత ఇల్లు నడిపేవాళ్లది.

సందులు వెతకడానికి నేనూ బావతో అటక ఎక్కాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు, నేను నిజంగానే టార్చి పట్టుకుని లెక్కపెట్టాను. అక్కడ కనిపించినవి ఇవి. స్నానాలగది ఫ్యాను గొట్టం బయటికి పోకుండా అటకలోనే తెరుచుకుని ఉంది, ఎవరు ఎప్పుడు అలా వదిలేశారో. వేడినీళ్ల ఆవిరంతా అక్కడే చేరి మేకుల మొనలకు మంచు పట్టింది. పొగగొట్టం చుట్టూ చెయ్యి దూరేంత ఖాళీ. లైట్లు దిగేచోట రంధ్రాలు. అటక తలుపు ఉత్త చెక్కపలక. సీలింగు మీద పరిచిన ఇన్సులేషన్ జానెడు లోతు కూడా లేదు. చిన్నవాటిని చిన్నవని వదిలేస్తే, అన్నీ కలిసి ఎప్పుడూ తెరిచి ఉంచిన కిటికీ అయ్యాయి.

ఆ సంవత్సరం ఏప్రిల్‌లో అమ్మ ఊరికి వచ్చేసింది, కోపంతో కాదు, వేసవిలో మామిడికాయ పచ్చడి పెట్టాలని. అక్టోబరులో, మంచు పడకముందే బావ పని చేయించాడు. ముందు సందులు మూయించాడు. ఫ్యాను గొట్టాన్ని కప్పు బయటికి తీయించాడు. పొగగొట్టం చుట్టూ మామూలు ఫోమ్ కాకుండా రేకు, నిప్పుకు తట్టుకునే జిగురు వాడారు. తర్వాతే ఇన్సులేషన్ పెంచారు. పాత న్యూస్ పేపర్లను తునకలు చేసి నిప్పంటుకోకుండా బోరేట్ కలిపిన సెల్యులోజ్‌ను గొట్టంతో ఊదుతారు. అక్కడి నియమాల ప్రకారం ఆర్-49 అనే కొలత రావాలంటే అది సుమారు 14 అంగుళాల మందం ఉండాలి. చూరు కింది గాలి రంధ్రాలు మూసుకుపోకుండా అడ్డుపలకలు పెట్టారు, బయటి చల్లగాలి అటకలోకి వచ్చి కొప్పు దగ్గర బయటికి పోవాలి. ఈ వరస ముఖ్యం. సందులు మూయకుండా పైన ఎంత దూది పరిచినా, కిటికీ తెరిచిపెట్టి రెండో దుప్పటి కప్పుకున్నట్టే.

ఆ మరుసటి చలికాలం, అంటే 2023-24, మిన్నెసోటాలో రికార్డుల్లోకెల్లా వెచ్చని చలికాలం అయింది. మంచు పెద్దగా పడనే లేదు. బావ తీసుకున్న జాగ్రత్తకు ఆ ఏడు పరీక్షే రాలేదు. పరీక్ష వచ్చిన తర్వాత ఏమైందంటారా? చుట్టుపక్కల కప్పుల మీద మంచు మచ్చలు మచ్చలుగా కరిగి చూరుకు ఊడలు దిగుతుంటే, వాళ్ల కప్పు మీద మాత్రం పరిచింది పరిచినట్టు సమానంగా నిలిచి ఉందని అక్క చెప్పింది. ఫొటోలో అదేమంత అందంగా లేదు. ఉత్త తెల్లని కప్పు. దాని కింద ఇల్లు వెచ్చగా ఉంది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టుకునేవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని ఒక ఆజ్ఞ ఉంది, దానిమీదినుంచి ఎవరూ పడి ప్రాణం పోకూడదని. ఇంత చిన్న సంగతి ధర్మశాస్త్రంలో ఎందుకు అని నేను సెమినరీలో చదువుకునే రోజుల్లో అనుకునేవాణ్ణి. ఇంటి మరమ్మతు కూడా పొరుగువాణ్ణి ప్రేమించడంలో భాగమేనని ఆ నిచ్చెన దగ్గర అమ్మను చూశాక బాగా అర్థమైంది.

కాబట్టి మంచు దేశాల్లో ఉన్న మా బిడ్డలారా, మీకు నాలుగు మాటలు. కప్పు ఎక్కవద్దు. మంచు లాగితే నేలమీదినుంచే లాగండి, ఇంటికి వచ్చే కరెంటు తీగలకు ఆ కర్ర తగలనివ్వకండి. ఐసు ఊడల కింద నిలబడి ఫొటోలు దిగకండి. హీటరు పొగ బయటికి పోయే గొట్టాలు మంచుతో మూసుకుపోకుండా రోజూ చూసుకోండి, మూసుకుంటే వాసన లేని విషవాయువు ఇంట్లో నిండుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. అద్దె ఇల్లయితే మరక కనబడిన రోజే యజమానికి ఫొటోతో రాసి చెప్పండి. సొంత ఇల్లయితే, ఇన్సూరెన్సు ఏ నష్టానికి ఇస్తుందో, దేనికి ఇవ్వదో మంచు పడకముందే కాగితం చదువుకోండి.

ఇక్కడున్న తల్లిదండ్రులారా, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలకు ఫోను చేసినప్పుడు, తిన్నావా, పడుకున్నావా అని అడిగాక ఇంకొక్క మాట అడగండి. "ఇల్లు వెచ్చగా ఉందా? అటక చల్లగా ఉందా?" వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. అలాగే బిడ్డలారా, మీరు కూడా మీ అమ్మను ఒక మాట అడగండి. ఫ్యాను వేసుకుంటున్నావా, మాత్ర రోజూ వేసుకుంటున్నావా అని. బాగానే ఉన్నాను అంటే అంతటితో ఫోను పెట్టేయకండి.

దేవుడు మీ ఇళ్లను, ఇళ్లలోని మనుషులను కాపాడును గాక.

మీ సంఘ కాపరి